లెక్కలోకి రాని మూడు నెలలు

కిందటి వారం సంధ్యను పోచమ్మ పటం ముందు నిలబెట్టి వచ్చేశాం. పటం వెనుక బూజు దులుపుతుంటే మేకుకు వేలాడుతున్న ఎర్రదారం ఒకటి ఆమె చేతికి తగిలింది. దానికి మూడు ముడులు ఉన్నాయి. ఇదేమిటని అడిగేలోపే అత్తగారు వజ్రమ్మ వచ్చి పటాన్ని సరిచేసి, దారాన్ని దాని వెనక్కి నెట్టేసి, పొయ్యి మీద పాలు చూడమంది. పాలు ఎప్పుడో దించేశారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అది జరిగి నాలుగు రోజులైంది. దారం మాట ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సంధ్య కూడా ఎత్తలేదు. అర్థం కానిదాన్ని అడగడం కన్నా చూస్తూ ఉండటం ఆమెకు చిన్నప్పటి అలవాటు. పల్లెలో బడికి పోయే రోజుల్లో, కోడి పొదిగిన గుడ్డు ఎన్నో నాడు పగులుతుందో తెలుసుకోవడానికి లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో రోజుకో గీత గీసింది తప్ప తల్లిని అడగలేదు. ఇరవై ఒకటో గీత నాడు పిల్ల బయటికి వచ్చినప్పుడు ఆమెకు కలిగిన సంతోషం పదో తరగతి పాసైన నాడు కూడా కలగలేదు.

మహబూబ్‌నగర్ జిల్లా నుంచి మంగేష్ భార్యగా కామాఠిపురా పదో గల్లీలో, వరసగా ఖోలీలనే ఒంటిగదులుండే ఈ చాల్‌కు వచ్చి మూడు నెలలు. పదడుగుల ఖోలీ, దానిపైన నిచ్చెనెక్కి పడుకునే మాళా. ఇక్కడ కోళ్ళు లేవు. పింటూ ఉన్నాడు.

పింటూ ఆమె బావగారు తుషార్ కొడుకు. ఏడో నెలలోనే పుట్టేశాడు. పుట్టినప్పుడు కిలోకు కాస్త ఎక్కువ. తల్లి సీమ గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర కళ్ళజోళ్ళ దుకాణంలో మళ్ళీ పనికి కుదిరింది. వజ్రమ్మ తెల్లవారకముందే ఫాక్‌లాండ్ రోడ్‌లో నెలవారీ భోజనం పెట్టే ఖానావళికి రొట్టెలు చేయడానికి వెళ్ళి ఒంటిగంటకు వస్తుంది. మగవాళ్ళిద్దరూ పొద్దు పోయాకే. కాబట్టి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పింటూ లోకమంతా సంధ్యే. సీమ వాడికి సంధ్యను మరాఠీలో "కాకూ" అనమని నేర్పుతోంది. ఎవరూ లేనప్పుడు సంధ్య "చిన్నమ్మ" అని నేర్పుతోంది. వాడు ఇద్దరినీ చూసి నవ్వుతాడు, ఏదీ అనడు.

రేపు గురువారం. నెలలు తక్కువ పుట్టిన పిల్లలను చూసే డాక్టరమ్మ దగ్గరికి వాణ్ణి తీసుకుపోవాలి. ఎప్పుడూ వజ్రమ్మే తీసుకుపోతుంది. సీమకు సెలవు దొరకదు. కిందటిసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఒక బొమ్మల కాగితం ఇచ్చింది. ఏ నెలలో బిడ్డ ఏం చేస్తుందో వరసగా బొమ్మలు. అక్షరాలు మరాఠీలో ఉన్నాయి. సంధ్యకు మరాఠీ రాదు గానీ బొమ్మలకు భాష ఏముంది? దాన్ని అన్నం మెతుకులతో ట్రంకుపెట్టె పక్క గోడకు అంటించుకుంది.

డాక్టరమ్మ చెప్పిన మాటలను వజ్రమ్మ ఇంటికొచ్చి అందరికీ చెప్పింది. ముందే పుట్టిన పిల్లలకు రెండు వయసులుంటాయట. పుట్టిన నాటి నుంచి లెక్కపెట్టేది ఒకటి. కడుపులో ఉండాల్సి ఉండి ఉండని నెలలను అందులోంచి తీసేస్తే వచ్చేది రెండోది. బిడ్డ ఏం చేస్తున్నాడో, ఏం చేయడం లేదో చూడటానికి రెండో వయసే కొలత. పింటూ కాళ్ళు అప్పుడప్పుడు కర్రల్లా బిగుస్తున్నాయని, రెండో వయసు ప్రకారం తొమ్మిది నెలలకల్లా కూర్చోకపోతే ఒక్కరోజు కూడా ఆగకుండా కసరత్తు మొదలుపెట్టాలని కూడా ఆవిడ చెప్పింది. ఇప్పుడు వాడికి రెండో వయసు ఆరో నెలే కదా, ఇంకా టైముంది అని వజ్రమ్మ నిశ్చింతగా ఉంది. వరండాలో ఆడవాళ్ళు వాడి కాళ్ళు పట్టుకుని చూసి, ఎంత గట్టిగా ఉన్నాయో, వీడు కూర్చోకుండానే లేచి పరిగెత్తేలా ఉన్నాడని మెచ్చుకునేవారు. వజ్రమ్మ అప్పుడు వాడికి దిష్టి తీసేది.

ఈ బుధవారం పొద్దున్న సంధ్య పింటూను తన కాళ్ళ మధ్య, పొట్టకు ఆనించి కూర్చోబెట్టుకుంది. వాడికి ఇష్టమైన స్టీలు గరిటె ముందు పెట్టింది. వాడు చెయ్యి చాచేలోపు గరిటె మీద తువ్వాలు కప్పేసింది. నెల కింద ఇలా చేస్తే వాడు గరిటె అనేది లోకంలోనే లేనట్టు వెంటనే వేరేవైపు చూసేవాడు. ఇవాళ తువ్వాలు వంక చూశాడు. ఒక గుప్పెడు బట్ట పట్టి లాగాడు. గరిటె బయటపడింది. వాడు ఆశ్చర్యపోలేదు. అక్కడే ఉంటుందని వాడికి ముందే తెలుసు.

ఆశ్చర్యపోయింది సంధ్యే.

ఇంకోసారి కప్పింది. మళ్ళీ తీశాడు. ఈసారి రెండు తువ్వాళ్ళు పరిచి, వాడు చూస్తుండగా రెండోదాని కింద దాచింది. వాడు మొదటిదాన్ని ముట్టుకోనే లేదు. కాకపోతే చెయ్యి చాచిన ఊపుకు పక్కకు ఒరిగిపోయాడు. ఆమె చెయ్యి అడ్డం లేకపోతే తల నేలకు తగిలేది. నడుము ఇంకా నిలవడం లేదు. పడుతూ కూడా గరిటె వదల్లేదు.

ఆమె వాణ్ణి చంకనెత్తుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. బట్ట కింద దాచినదాన్ని వెతికి తీసే బిడ్డ బొమ్మ ఆరో నెల వరసలో లేదు. ఏడులో లేదు. తొమ్మిదో నెల వరసలో ఉంది. దాని పక్కనే చెయ్యి ఊపి టాటా చెప్పే బిడ్డ. పింటూ వారం రోజులుగా తల్లికి టాటా చెబుతున్నాడు. దాని పక్కనే, ఎవరూ పట్టుకోకుండా కూర్చున్న బిడ్డ.

ఒకే బిడ్డ, తెలివికి తొమ్మిది నెలలు, నడుముకు ఆరు నెలలు. ఇదెలా అవుతుంది? పిల్లలందరూ ఒకేలా పెరగరని ఆమెకు తెలుసు. ఒక పిల్ల ముందు నడుస్తుంది, ఒక పిల్ల ముందు మాట్లాడుతుంది. కానీ డాక్టరమ్మ లెక్క ప్రకారం వీడి తెలివి మూడు నెలలు ముందుకు ఉరికింది. అలా కాక లెక్కే తప్పైతే? అప్పుడు తెలివి ఉండాల్సిన చోటే ఉంది, నడుమే మూడు నెలలు వెనకబడింది. రెండిట్లో ఏది నిజం?

ఆమె కాగితం ముందు చాలాసేపు నిలబడిపోయింది. కింద గల్లీలో కొత్తిమీర అమ్మేవాడు కేక పెడుతూ పోయాడు. ఆ కేక పింటూకు కుడివైపు కిటికీలోంచి వచ్చింది. వాడు చప్పున ఎడమకు, తలుపు వైపు తిరిగి చూశాడు. నాయనమ్మ కోసం చూస్తున్నాడనుకుంది సంధ్య. వాడికి అది మామూలే. పిలిచిన దిక్కు చూడడు, ఈయన కామాఠిపురా నవాబు అని సీమ ఎప్పుడూ ఎగతాళి చేస్తుంది.

సీమ గుర్తుకు రాగానే సంధ్యకు పొద్దుటి మాట ఒకటి గుర్తుకొచ్చింది.

సీమ గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే గల్లీ చివర గణపతి మండపం కట్టేవాళ్ళు ఢోలు బిగించి ఒకటి రెండు దెబ్బలు వేసి చూశారు. సీమ ఒక కాలు చెప్పులో, ఒక కాలు బయట, అలాగే నిలబడిపోయింది.

"పోయినేడు గీ ఢోలు దవాఖానల విన్న" అంది. "నిమజ్జనం నాడు. అద్దాల పెట్టె బొక్కల్నించి చెయ్యి పెట్టి వీని పాదం పట్టుకొని నిలబడ్డ. నా బొటనవేలంత లేకుండె."

అని, నోరు జారినట్టు సంధ్య ముఖం వైపు చూసింది. అత్తమ్మ దగ్గర ఈ మాట అనొద్దని నెమ్మదిగా చెప్పి, లేటవుతోందంటూ మెట్లు దిగిపోయింది.

అప్పుడు సంధ్య ఆ మాటను పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టుకుంది. పింటూ పుట్టింది నవంబరు ఇరవై నాలుగున అని పెళ్ళయి వచ్చిన మొదటి వారంలోనే ఆమెకు చెప్పారు. చాల్‌లో అందరికీ అదే తెలుసు. నవంబరులో పుట్టిన బిడ్డ సెప్టెంబరు నిమజ్జనానికి అద్దాల పెట్టెలోకి ఎలా వస్తాడు?

ఆమె నీళ్ళు కాచి, పీట మీద కూర్చుని చాపిన కాళ్ళ మీద పింటూను వేసుకుంది. నీళ్ళు పడగానే వాడి కాళ్ళు బిగుసుకున్నాయి. బొటనవేళ్ళు ముందుకు పొడుచుకుని, ఒక కాలు ఇంకో కాలి మీదికి పోయింది. అవి వదులయ్యేదాకా ఆమె మెల్లగా తొడలు రాస్తూ కూర్చుంది. వాడి మొలకు నల్లతాడు ఉంది. ప్రతి ఇరవై నాలుగో తారీఖున వజ్రమ్మ దానికొక ముడి వేస్తుంది. చదువు రాని ఆమెకు అదే క్యాలెండరు. సంధ్య తడి తాడును వేళ్ళతో జరుపుతూ లెక్కపెట్టింది. తొమ్మిది.

పటం వెనుక ఎర్రదారానికి మూడు.

ఇప్పుడు ఆమె పటం వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది.

వజ్రమ్మ ఒంటిగంటకు వచ్చింది. పాత చీరముక్కలో జొన్నరొట్టెలు కట్టుకొచ్చింది. రోజూ తెస్తుంది, ఇంటిల్లిపాదికీ రాత్రి దాకా అవే. చేతులు కడుక్కోగానే మనవణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. ఏం చేసిండు నా రాజా, చిన్నమ్మను సతాయించిండా అని వాడి పొట్టలో ముఖం పెట్టి అడిగింది.

సంధ్య గరిటె, రెండు తువ్వాళ్ళు తెచ్చి ఆట చూపించింది. వజ్రమ్మ మురిసిపోయింది. మూడుసార్లు ఆడించింది. వీడు వాళ్ళ తాతలెక్క, దాచిన బీడీకట్ట యాడున్నా పట్టేస్తడు అని నవ్వింది. ఆ నవ్వు తగ్గేదాకా ఆగి సంధ్య గోడ మీది కాగితంలో ఆ బొమ్మ ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది.

"అయితే ఏంది? మావోడు తెలివిగల్లోడు."

"తెలివిగల్లోడే అత్తమ్మా. డాక్టరమ్మ లెక్కల తెలివి మూడు నెల్లు ముంగట వోయింది, లెక్కే తప్పయితే నడుము మూడు నెల్లు ఎన్కకున్నది. రెండిట్ల ఏది నిజం?"

వజ్రమ్మ పిల్లవాడి మొలతాడును సర్దడం మొదలుపెట్టింది. సర్దడానికి అందులో ఏమీ లేదు.

ఈ ఇంట్లో సంధ్య గొంతెత్తి మాట్లాడిన రోజు లేదు. అయినా అడిగింది.

"దారం సంగతి నేనడగ. గది మీకు, పోచమ్మకు నడుమ మాట. ఒక్కటి చెప్పున్రి. డాక్టరమ్మకు ఏ తారీఖు చెప్పిన్రు?"

వజ్రమ్మ లేచి తలుపు దగ్గరికేసింది. చాల్‌లో పట్టపగలు తలుపు వేస్తే పక్కవాళ్ళు ఎందుకని అడుగుతారు. అయినా వేసింది. వచ్చి కూర్చుంది. మాట్లాడటం మొదలుపెట్టాక ఆగలేదు.

ఈ ఊళ్ళో మేడలు లేచేటప్పుడు వజ్రమ్మ తల్లి తల మీద సున్నం తట్ట మోసింది. తట్ట మోస్తూ మోస్తూనే ఇద్దరు బిడ్డలను నెలలు నిండకుండా కన్నది. పుట్టిన నాడే అందరినీ పిలిచి పురుడు చేశారు. ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. మూడో కాన్పు కూడా ఏడో నెలలోనే వచ్చింది. ఈసారి ఆమె ఎవరికీ చెప్పలేదు. బిడ్డను పచ్చిగా రొమ్ముల మధ్య పెట్టుకుని, పైన చీర బిగించి కట్టుకుని, ఎవరడిగినా ఇంకా నెలలు నిండలేదనే చెప్పింది. కడుపు లోపల ఉండాల్సింది కడుపు పైన ఉంది, అంతే. తొమ్మిది నిండిన నాడు చీర విప్పి, ఇదిగో ఇవాళ పుట్టింది అని చూపించింది. అసలు పుట్టిన రోజును నోటితో అనకూడదు. అంటే, లెక్కకు తక్కువైన బిడ్డ ఒకటి ఇక్కడుందని తీసుకుపోయేవాళ్ళకు తెలిసిపోతుంది.

"గా బిడ్డ నేనే" అంది వజ్రమ్మ. "నాకు పుట్టిన తారీఖు లేదు సంధ్యా. అమ్మ సచ్చిపోయేటప్పుడు గూడ చెప్పలే."

పింటూ పుట్టినప్పుడు దవాఖానాలో నర్సు బిడ్డను ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోబెట్టుకోవాలని నేర్పడానికి వచ్చింది. వజ్రమ్మకు నవ్వొచ్చింది. నువ్వు నాకు నేర్పుతున్నావా అనుకుంది. సీమ, తాను వంతులేసుకుని, ట్యూబులతో సహా వాణ్ణి రొమ్ము మీద పెట్టుకుని రోజులకు రోజులు కుర్చీలో కూర్చున్నారు. అప్పుడే పోచమ్మకు మొక్కుకుంది, వాడు తన కాళ్ళ మీద తాను నిలబడేదాకా అసలు రోజును ఎవరి నోటా రానివ్వనని. పెట్టెలో గడిచిన మూడు నెలలకు మూడు ముడులు వేసి, ఆ దారాన్ని అమ్మవారికే అప్పగించింది. నెలలు నిండిన నాడు, నవంబరు ఇరవై నాలుగున, వాణ్ణి ఇంటికి తెచ్చి పుట్టాడని చెప్పింది. పురుడు చేసింది. కొడుకు, కోడలు సరేనన్నారు. బిడ్డ బతికాడు, అంతకన్నా ఏం కావాలి?

"డాక్టరమ్మకు?" అని సంధ్య మళ్ళీ అడిగింది.

డాక్టరమ్మ దగ్గర కాగితం రాసింది చంద్రమ్మ. కింది అంతస్తులో ఉంటుంది, వార్డులో ఇల్లిల్లూ తిరిగి బాలింతలను, పిల్లలను రాసుకునే ఆరోగ్య కార్యకర్త. పురుటి నాడు వచ్చి బెల్లమన్నం తిని పోయిన మనిషి. ఆమె కలం పట్టుకుని ఎప్పుడు పుట్టాడని అడిగితే వజ్రమ్మ ఏం చెబుతుంది? నవంబరు ఇరవై నాలుగే చెప్పింది. ఎన్నో నెలలో పుట్టాడని డాక్టరమ్మ అడిగితే అదీ దాచలేదు, ఏడో నెల అనే చెప్పింది. రెండూ ఆమెకు అబద్ధాలుగా తోచలేదు. తర్వాత డాక్టరమ్మ ఏవో అంకెలు వేసింది, ఆరో నెల వరస చుట్టూ పెన్నుతో గీసింది. అంతే.

తాను అనుకున్నది నిజమవుతుంటే మామూలుగా సంధ్యకు లోపల ఒక చిన్న గంతు వేయాలనిపిస్తుంది. ఇప్పుడు అలా అనిపించలేదు.

ఎలా చెప్పాలి? కాగితం మీద కూడికలు, తీసివేతలు వేస్తే అత్తమ్మకు అర్థం కాదు. ఆమె చూపు రొట్టెల మీద పడింది. చీరముక్క విప్పి, నెలకొకటి చొప్పున పన్నెండు రొట్టెలు తీసి నేల మీద పళ్ళెంలో వరసగా పేర్చింది.

ఖానావళి కథ ఒకటి వజ్రమ్మ ఎన్నోసార్లు చెప్పింది. ఊరికి వెళ్ళినవాళ్ళ వంతు రొట్టెలు తగ్గించి పిండి కలపడం రోజూ ఆమె చేసే పనే. ఒకనాడు ముగ్గురు రారని పొద్దున్నే తగ్గించి చేసింది. ఆ సంగతి తెలియని యజమాని కోడలు నీత, వడ్డించేటప్పుడు తన లెక్కన మళ్ళీ ముగ్గురివి పక్కకు తీసి అవతలి వాళ్ళకు ఇచ్చేసింది. మధ్యాహ్నం ముగ్గురు మేస్త్రీలు పని మీంచి వచ్చి ఖాళీ పళ్ళేల ముందు కూర్చున్నారు. నీతను వజ్రమ్మ ఆ రోజు నుంచి లెక్కల మాస్టరమ్మ అనే పిలుస్తుంది.

సంధ్య మూడు రొట్టెలు తీసి పక్కన పెట్టింది.

"గివి మీరు నవంబరు అని చెప్పినప్పుడే తీసేసిన్రు."

ఇంకో మూడు తీసి వాటి మీద పెట్టింది.

"గివి డాక్టరమ్మ తీసింది. మీరు తీసిన సంగతి ఆమెకు తెల్వది."

పళ్ళెంలో ఆరు మిగిలాయి. వజ్రమ్మ పళ్ళెం వైపు చూసింది. పక్కన పెట్టిన వాటి వైపు చూసింది. నలభై ఏళ్ళుగా రొట్టెలు లెక్కపెట్టిన చెయ్యి దానంతట అదే ముందుకు వచ్చి, పైన ఉన్న మూడింటిని తీసి మళ్ళీ పళ్ళెంలో పెట్టింది.

"తొమ్మిది" అంది.

"తొమ్మిది అత్తమ్మా."

"అంటే ఇయ్యాల్టికి కూసోవాలె."

"కూసోవాలె."

పింటూ గరిటెతో రొట్టెను కొట్టి చూస్తున్నాడు. వజ్రమ్మ వాడి వీపు కింద చెయ్యి పెట్టి, మెల్లగా ఆ చెయ్యి తీసి చూసింది. వాడు ముందుకు ఊగి, పక్కకు ఒరిగాడు. ఆమె పట్టుకుంది. మళ్ళీ కూర్చోబెట్టింది, మళ్ళీ చెయ్యి తీసింది. ఇలా ఎన్నిసార్లు చేసిందో. ప్రతిసారీ వాడు అదొక ఆటనుకుని నవ్వాడు.

"వాని మూడు నెల్లు నేనే మింగిన్నా?" అంది చివరికి, మనవడి వైపు చూస్తూనే.

సంధ్య వెంటనే కాదనలేదు. కాదంటే అబద్ధం అవుతుంది. ఆ మూడు నెలలు ఇంకా పోలేదని, రేపు ఆరో నెల లెక్క ప్రకారం చూసి బాగున్నాడని పంపేస్తే అప్పుడు నిజంగా పోతాయని చెప్పింది. రేపు అసలు తారీఖు తెలిస్తే రేపే మొదలుపెడతారు. బొటనవేలంత పాదంతో పుట్టినవాడు ఇంత దూరం వచ్చాడు, ఆ తర్వాత వాడే చూసుకుంటాడు.

మొక్కు సంగతి ఏమిటని వజ్రమ్మ అడిగింది. వాడింకా నిలబడలేదు కదా, నోటితో అంటే ఏమైనా అయితే? ఆమె గొంతులో భయం చిన్నపిల్ల భయంలా ఉంది. సంధ్య దాన్ని తీసిపారేయలేకపోయింది. రొమ్ముల మధ్య బతికిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది.

"మీ అమ్మ దాచింది సున్నం తట్టల కాడ ఉన్నోళ్ళకు తెల్వకుండ" అంది. "రొమ్ముకు కట్టుకున్న చీరకు తెల్వకుండ దాచిందా అత్తమ్మా? ఆ చీరకు అన్నీ తెలుసు. డాక్టరమ్మ చాల్‌ల మనిషి గాదు. ఆమెను చీర అనుకోన్రి."

కిందింటి నుంచి చంద్రమ్మ ఎవరితోనో మరాఠీలో నవ్వుతూ మాట్లాడటం వినిపిస్తోంది. వజ్రమ్మ లేచి పోచమ్మ పటం ముందు నిలబడి, పెదవులు కదిలిస్తూ ఏదో చెప్పుకుంది. ఎర్రదారం తీసింది. వచ్చి పింటూ మొలతాడుకు దాన్ని జోడించి కట్టింది. తొమ్మిది, మూడు.

"రేపు నువ్వు గూడ రా" అంది. "నేనే చెప్త. చంద్రమ్మ నవ్వితే నవ్వనీ, ఆమె తిన్న బెల్లమన్నం అరిగిపోయి శానా రోజులాయె."

ఆ తర్వాత ట్రంకుపెట్టె మూత తెరిచి, అడుగున ఉన్న పెళ్ళి చీర మడతల్లోంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసింది. పింటూను ఇంటికి పంపేటప్పుడు దవాఖానా వాళ్ళు ఇచ్చిన కాగితం. ఆ వారం సీమ పచ్చకామెర్లతో వర్లిలో పుట్టింట్లో ఉంది. తుషార్ సంతకం పెట్టాడు, వజ్రమ్మ బిడ్డను ఎత్తుకుంది, కాగితాన్ని కొంగున కట్టుకుంది. వానలో తడిసి పాడైపోయిందని అప్పుడు ఇంట్లో చెప్పింది.

"తడవలే" అంది ఇప్పుడు. "తారీఖు ఉన్నది గదా అని దాచిన. చదువు."

సంధ్య మడతలు విప్పింది. ఇంగ్లిషు. పదో తరగతి ఇంగ్లిషుతో ఒక్కొక్క మాటనూ పట్టుకుంటూ చదివింది. సెప్టెంబరు ఒకటి. వెయ్యి నలభై గ్రాములు. ఎన్ని రోజులు గాలి పెట్టారో, ఎన్నిసార్లు రక్తం ఎక్కించారో. కళ్ళ పరీక్ష, బాగుంది. ఒక్కొక్కటి తెలుగులో చెబుతుంటే వజ్రమ్మ ఆ రోజులన్నీ మళ్ళీ కనిపిస్తున్నట్టు తల ఊపుతోంది.

చివరి నుంచి రెండో వరస దగ్గర సంధ్య ఆగింది. ఆ వరస చుట్టూ ఎవరో ఎర్ర సిరాతో గీత గీశారు. ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. ఎడమ చెవి, బాగుంది. కుడి చెవి దగ్గర ఆ మాట లేదు. మూడు నెలల్లోగా తప్పకుండా మళ్ళీ పరీక్ష చేయించాలని ఉంది.

"ఏమున్నది?" అంది వజ్రమ్మ.

సంధ్యకు కొత్తిమీర కేక గుర్తుకొచ్చింది. తలుపు వైపు తిరిగిన ముఖం గుర్తుకొచ్చింది. కామాఠిపురా నవాబు.

ఆమె కాగితాన్ని మడిచి ట్రంకుపెట్టె మీద పెట్టింది. పింటూను వజ్రమ్మ ఒళ్ళో తిన్నగా కూర్చోబెట్టి, కదలకుండా పట్టుకోమంది. వాడి చేతిలోంచి గరిటె తీసుకుంది. స్టీలు గ్లాసొకటి అందుకుని, వాడికి కనబడకుండా వెనకగా నడిచి కుడి పక్కన, కిటికీ దగ్గర నిలబడింది. గరిటెతో గ్లాసు మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టింది.

పింటూ చేతులు గాలిలో ఆగిపోయాయి. వాడికి వినబడింది. ముఖం వెలిగింది. దాచిందేదో దొరకబోతున్నట్టు ఆశగా తల తిప్పాడు.

ఎడమకు తిప్పాడు. అక్కడ తలుపు పక్కన ఖాళీ గోడ ఉంది. వాడు ఆ గోడ మీద చిన్నమ్మను వెతుకుతూనే ఉన్నాడు.